తాత కాపలా కాసిన గూళ్లు

తాతకి తన నీడ మీద కూడా అనుమానమే. మడుగు మధ్య లంకలో కొంగలు గూళ్లు కట్టే మూడు నెలలూ ఎవరూ అక్కడ కాలు పెట్టకూడదని, పెట్టినవాడి పడవ ఏడాదంతా ఒడ్డునే ఉండాలని పడవలవాళ్లు కట్టుబాటు చేసుకున్నారు. కొంగలు బెదిరి పోతే టూరిస్టులు రారు, వాళ్లు రాకపోతే ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు.

"అల్లుడుగారూ, టూరిస్టులు ఫొటోల కోసం బతిమాలితే మీ మనసు వెన్నలా కరుగుతుందటగా?" అన్నాడు తాత ఓ రోజు.

"లంక చుట్టూ తాడు కట్టింది నేనే కదా మామయ్యా!"

"కట్టినవాడికే విప్పడం బాగా తెలుసు."

ఆ రోజు నుంచి తెల్లారేసరికి తాత లంకలో దిగి, ఎవరి అడుగులైనా పడ్డాయేమోనని వెతికేవాడు. వారం తిరిగేసరికి గూళ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. తాత అనుమానం రాయిలా గట్టిపడింది.

పదో రోజు బురదలో పాదం గుర్తు దొరికింది. రెల్లుపుల్లతో కొలత తీసుకుని, ఒడ్డున అందరిముందూ అల్లుడి కాలికి ఆనించాడు. పుల్ల రెండు వేళ్లు పొడుగైంది. మిగతావాళ్ల కాళ్లకీ కుదరలేదు.

"ఏదీ, నీ కాలు ఇటు పెట్టు," అంది నాయనమ్మ తాతతో.

పుల్ల అచ్చంగా సరిపోయింది. తాతే తన పడవని ఒడ్డుకి లాగి బోర్లించి, దాని మీద కూర్చున్నాడు.

"సరే, దొంగ దొరికాడు," అన్నాడు అల్లుడి వంక ఓరగా చూస్తూ. "కానీ వాడొక్కడే అంటే మాత్రం నేను నమ్మను."