కాలేబు అరికాళ్లు

బోయిగూడలో కాలేబు ఇల్లు ఎక్కడని అడిగితే పసిపిల్లాడైనా చెయ్యి పట్టుకుని తీసుకుపోతాడు. పద్మారావు నగర్‌లో ఒక స్కూల్లో ల్యాబ్ అటెండరు. ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టుకుని తిరిగే పెద్దమనిషి. మాటా నెమ్మది, నడకా నెమ్మది. ఒక్కటే వింత: స్నానం చేసి తడికాళ్లతో గచ్చు మీద అడుగు పెట్టేవాడు కాదు. బాత్రూమ్ గుమ్మంలో గోనెపట్టా మీద నిలబడి, ఒక్కో కాలూ ఎత్తి, వేళ్ల సందులు ఆరేదాకా తుడుచుకునేవాడు.

"మా ఆయనకున్న శుభ్రం ఈ గల్లీల ఎవరికన్న ఉన్నదా?" అని భార్య మేబెల్ మురిసిపోయేది. శుభ్రమూ లేదు, పాడూ లేదు. తన అడుగు అచ్చు తన కంట పడకూడదని ఆ మనిషి పడే పాట్లవి.

ఆయన అరికాళ్లలో వంపు కనబడదు. నిలబడితే పాదం మొత్తం నేలకు అతుక్కుపోతుంది. పద్దెనిమిదేళ్లప్పుడు మిలిటరీ సెలెక్షన్‌కి వెళ్లాడు. పరుగు నెగ్గాడు, బీమ్ పట్టుకుని పైకి లేవడంలో నెగ్గాడు, మెడికల్ దగ్గరికి వెళ్లి మధ్యాహ్నానికల్లా ఇంటికి తిరిగొచ్చాడు. "ఫ్లాట్ ఫుట్ అని తీసేసిన్రు" అన్నాడు. ఆ ఒక్క ముక్క ఇంట్లో పాతుకుపోయింది. తల్లి విమలమ్మ కన్నుమూసేదాకా మిలిటరీ వాళ్లను శపిస్తూనే ఉంది. "నా కొడుకు కాళ్లకేమైందని? ఈ కాళ్లతోనే గదా మొత్తం సికింద్రాబాద్ తిరుగుతుండు!" అనేది. పెళ్లయి వచ్చిన మేబెల్ కూడా ఆ అన్యాయాన్ని నలుగురికీ చెప్పేది. కాలేబు తలొంచుకుని వినేవాడు.

గుడ్ ఫ్రైడేకి ముందురోజు సాయంత్రం వాళ్ల చర్చిలో పాదాలు కడిగే ఆరాధన ఉంటుంది. పాస్టరయ్యగారు నడుముకి తువాలు కట్టుకుని, యేసు తన శిష్యుల కాళ్లు కడిగిన గుర్తుగా సంఘంలో పన్నెండుమందిని కూర్చోబెట్టి, పళ్లెంలో వాళ్ల కాళ్లు కడుగుతారు. ఏటా కాలేబుని అడిగేవారు. ఏటా ఆయన చేతులు జోడించి, "నాకంత యోగ్యత లేదయ్యగారూ" అనేవాడు. ఎంత వినయమో అని సంఘమంతా మెచ్చుకునేది. చూశారా, సిగ్గు కూడా ఒక్కోసారి వినయమై చలామణీ అయిపోతుంది!

ఈ ఏడు అయ్యగారు యూత్ పిల్లల్ని కూర్చోబెట్టారు. అందులో కాలేబు కూతురు ప్రిసిల్లా ఉంది. పదిహేడున్నర నిండిన పిల్ల. మిలిటరీ పోలీసులో ఆడపిల్లల్ని తీసుకుంటున్నారని తెలిసినప్పటి నుంచీ దానికి వేరే ధ్యాస లేదు. రాతపరీక్ష పాసైంది. పరుగు, మెడికల్ ఈస్టర్ తర్వాత. తెల్లవారకముందే గ్రౌండులో అది పరుగెత్తుతుంటే కాలేబు నీళ్ల సీసా పట్టుకుని గట్టు మీద కూర్చునేవాడు. తను కట్టుకోలేని బెల్టు బిడ్డ కట్టుకుంటుందన్న ఆశే ఆ మనిషికి ప్రాణం. బూట్లు విప్పిన ఆ పిల్ల పాదాల వైపు మాత్రం ఎన్నడూ చూసేవాడు కాదు. చూడాలంటే భయం.

ఆ సాయంత్రం చూడక తప్పలేదు. అయ్యగారు కాళ్లు కడిగి తువాలుతో పైపైన అద్దారు. పిల్లలు షాబాదు బండల మీద నడుచుకుంటూ తమ బెంచీలకు పోయారు. ప్రిసిల్లా తండ్రి ముందునుంచే పోయింది. బండ మీద తడి అచ్చు మడమ నుంచి వేళ్ల దాకా నిండుగా పడింది, ఇస్త్రీపెట్టె ఆనించినట్టు. తర్వాతి పాట ఏదో, ప్రార్థన ఏదో కాలేబుకి తెలియదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే అనేశాడు. "బిడ్డా, నువ్వు మెడికల్‌కి పోకు."

"ఏందీ?" అంది ప్రిసిల్లా.

"నీయి నా కాళ్లే. నన్ను తీసేసిన్రు, నిన్ను సుత తీసేస్తరు. గంతమందిల ఇజ్జత్ పోతది. పోకు."

ఆ పిల్ల తన కాళ్ల వైపు ఎవరివో పరాయి కాళ్లని చూసినట్టు చూసుకుంది. ఇంకెవరైనా చెబితే తగువు పెట్టుకునేదే. చెప్పింది అనుభవించినవాడాయె! మర్నాటి నుంచి పరుగు లేదు. బూట్లు మంచం కిందికి పోయాయి. ఈస్టర్ పొద్దున కొత్త బట్టలు కట్టుకుని కూడా చర్చిలో వెనక బెంచీలో కూర్చుని, కాళ్లు బెంచీ కిందికి ముడుచుకుంది. అది కాలేబు చూశాడు. తన రోగం పిల్లకి అంటించింది పాదాల్లో కాదు, ఇదిగో, ఈ ముడుచుకోవడంలో.

మేబెల్ ఊరుకునే రకం కాదు. "నొప్పి లేదు, వాపు లేదు, ఇన్నేండ్ల సంది ఉరుకుతున్నది. ఒక్కపారి డాక్టర్‌కు చూపిస్తె ఏం పోతది?" అని ఇద్దర్నీ లాక్కుని పద్మారావు నగర్‌లో ఎముకల డాక్టర్ హిమజ దగ్గరికి బయల్దేరింది.

డాక్టర్ ప్రిసిల్లాని చెప్పులు లేకుండా నిలబెట్టి వెనకనుంచి చూసింది. "ఇప్పుడు మునివేళ్ల మీద లేమ్మా" అంది. పిల్ల లేచింది. మడమలు పైకి లేవగానే చదునుగా ఉన్న అరికాలి కింద చక్కగా వంపు తేలింది.

"అదిగో, వంపు ఉంది. బరువు పడ్డప్పుడు అణిగిపోతోంది, అంతే. ఈ వయసు పిల్లల్లో ఎంతమందికో ఉంటుందండీ. చాలామందికి ఉన్నట్టు కూడా తెలీదు. నొప్పి ఉంటేనో, పాదం బిగుసుకుపోయి ఉంటేనో ఆలోచించాలి. ఈ అమ్మాయికి అవేం లేవు."

"మా చర్చిల ఆ రోజు హెన్రీ కాళ్ల అచ్చు సుత గట్లనే పడ్డది మేడమ్, షాలేమ్‌ది సుత," అంది ప్రిసిల్లా. తండ్రి వైపు తిరిగింది. "నేను చూసిన డాడీ. మీరు నాదొక్కటే చూసిన్రు."

"మరి మిలిటరీల తీసుకుంటరా మేడమ్?" అంది మేబెల్.

"అది వాళ్ల బోర్డు తేల్చాలి, నేను మాటివ్వలేను. కానీ చదునుగా కనబడగానే పొమ్మనరు. ఇట్లా మునివేళ్ల మీద నిలబెట్టి చూస్తారు, గెంతమంటారు." డాక్టర్ కాలేబు వైపు చూసింది. "మీకూ ఉందన్నారు కదా. అప్పుడు మిమ్మల్నిలా నిలబెట్టి చూడలేదా?"

కాలేబు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

బయట చెరుకురసం బండి దగ్గర మేబెల్ మూడు గ్లాసులు చెప్పింది. గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా, కాలేబు అన్నాడు. "నన్నెవ్వరు తీసెయ్యలే."

తల్లీకూతుళ్లిద్దరూ ఆయన మొహంలోకి చూశారు.

"లైన్ల నా ముంగటోడు నిలబడ్డడు. వాని కాళ్లు చూసి ఫ్లాట్ ఫుట్, పక్కకు జరుగు అన్నరు. అందరు నవ్విన్రు. నేను నా కాళ్లు చూసుకున్న. అంగీ తీసుకొని ఎన్క నుంచి ఎల్లిపోయిన. నా వంతు రానే రాలే."

మేబెల్ గయ్యిమంది. "మీ అమ్మ సచ్చేదాక మిలిటరోళ్లను తిట్టింది గదయ్యా! నేను సుత తిట్టిన! చర్చిల, గల్లీల అందరికి చెప్పిన!" ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రిసిల్లా రసం పూర్తిగా తాగి, గ్లాసు బండి మీద పెట్టి, ఇద్దరికంటే ముందు నడిచింది. అది తిట్టినా బాగుండేదనుకున్నాడు కాలేబు.

మర్నాడు మంచం కింది బూట్లు బయటికొచ్చాయి. కానీ నీళ్ల సీసా అదే పట్టుకుపోయింది, తండ్రిని రమ్మనలేదు. ఇంట్లో అడిగినదానికి జవాబు తప్ప మాట లేదు.

పరుగు నెగ్గింది. మెడికల్ రోజున తల్లిదండ్రులిద్దరూ గేటు దాకా వెళ్లారు. లోపలికి పోయేముందు ప్రిసిల్లా ఆగింది. అన్ని రోజుల తర్వాత తండ్రి కళ్లలోకి సూటిగా చూసింది.

"డాడీ, వాళ్లు పొమ్మంటే వస్త. నా అంతల నేనైతే లైన్లకెల్లి బయటకు రాను."

చెప్పుదెబ్బ తిన్నట్టయింది కాలేబుకి. అయినా తలూపాడు. "రాకు బిడ్డా" అన్నాడు.

గోడ అవతల ఆడపిల్లల లైను కదులుతోంది. ప్రిసిల్లా ఎక్కడుందో ఆయనకు కనబడలేదు. గోడ అంచు పట్టుకుని, హవాయి చెప్పుల్లోంచి మడమలు పైకెత్తి, మునివేళ్ల మీద లేచి చూస్తున్నాడు. వెనక నిలబడ్డ మేబెల్ వంగి ఆయన అరికాళ్లు చూసింది. రెండింటిలోనూ వంపు ఉంది.

చెప్పాలని ఆవిడకి నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఆ మాట విని ఈ మనిషి తట్టుకోగలడా అనిపించింది. నోరు మూసుకుని పక్కకి వచ్చి నిలబడింది.

"కనబడిందా?" అంది.

"ఇంకా కనబడలే," అన్నాడు కాలేబు, మడమలు దించకుండానే.