అరవై నాలుగు మీద మొగిలయ్య మగ్గం

మట్టెవాడలో రామలింగం తండ్రిది ఇత్తడి సామాన్ల దుకాణం. తండ్రి పోయాక రామలింగం బిందెలన్నీ ఒక పక్కకు జరిపి, మిగిలిన సగంలో నీలం పరదా కట్టి ఫోటో స్టూడియో పెట్టాడు. ఫోటో దిగడానికి వచ్చినవాళ్లు బిందె కొనుక్కుని పోయేవారు. బిందె కోసం వచ్చినవాళ్లు ఫోటో దిగి పోయేవారు. రెండూ వద్దనుకుని ఆ గడప దిగిన మనిషిని నేనైతే ఎరుగను.

1974లో అతను హైదరాబాదు జుమ్మేరాత్ బజారుకు పోయి, పాత తాళాల కుప్పలోంచి ఒక సినిమా కెమెరాను, దాని జత ప్రొజెక్టరును ఏరుకొచ్చాడు. ఆ కెమెరాకు కరెంటు అక్కర్లేదు. గోడ గడియారానికి ఇచ్చినట్టు కీ ఇస్తే నడుస్తుంది. పక్కన చిన్న చక్రం, దాని మీద అంకెలు: పదహారు, ఇరవై నాలుగు, ముప్పై రెండు, అరవై నాలుగు. సెకనుకు ఎన్ని బొమ్మలు తీయాలో ఆ చక్రం చెబుతుంది. ప్రొజెక్టరు మాత్రం ఎప్పుడైనా సెకనుకు ఇరవై నాలుగే చూపిస్తుంది. అందుకని పదహారు మీద తీస్తే తెర మీద మనుషులు ఉరుకుతారు. అరవై నాలుగు మీద తీస్తే నడుంలోతు నీళ్లలో నడిచినట్టు మెల్లగా కదులుతారు.

రామలింగం ఎప్పుడూ పదహారు మీదే తీసేవాడు. ఫిల్ము దొరకడం కష్టం, పెళ్లేమో పొడుగు. పదహారు మీద తీస్తే ఎదుర్కోలు నుంచి అప్పగింతల దాకా ఒక్క రీలులో ఇరుకుతుంది. తెర మీద పురోహితుడు పూనకం వచ్చినట్టు ఊగేవాడు. పెళ్లికూతురి తల్లి ఏడుపు తుమ్ములాగా వచ్చి పోయేది. అల్లుడు మూడు ముళ్లు వేసిన వేగం చూసి ఒక మామకు అనుమానం వచ్చి, ఇంటికి పోయి కూతురి మెడలో ముళ్లు గట్టిగా పడ్డాయో లేదో లాగి చూసుకున్నాడు. వరంగల్ వర్తకులకు ఆ సినిమాలే నచ్చేవి. పనులన్నీ చకచకా అయిపోయినట్టు ఉండేవి కదా.

అరవై నాలుగు మీద మాత్రం నాలుగేళ్లలో ఒక్క అడుగు ఫిల్ము కూడా ఖర్చు పెట్టలేదు.

1978 ఫిబ్రవరిలో కాశిబుగ్గ నుంచి మొగిలయ్య వచ్చాడు. దుప్పట్లు నేసే మనిషి, యాభై ఐదేళ్లుంటాయి. చంకలో ఒక దుప్పటి మడత.

"రామలింగం సేటూ, నీ మిషిన్ల ఉరికే నాడె దొరుకుతదా?" అని అడిగాడు.

నాడె అంటే దారం కండెను పొట్టలో పెట్టుకుని మగ్గంలో అటూ ఇటూ దూసుకుపోయే చిన్న చెక్క పడవ. తాడు గుంజితే అది ఈ చివర నుంచి ఆ చివర చేరడానికి కన్నుమూసి తెరిచినంత సేపు కూడా పట్టదు.

"దొరకకేం మొగిలన్నా. గని ఎందుకు?"

మొగిలయ్య దుప్పటి విప్పాడు. జానెడుకొక చోట దారాలు తెగి ముడిపడి ఉన్నాయి. "పోగులు తెగుతానయ్. కిషన్ రావు సారేమో నా చేతులు వణుకుతానయంటాండు. చూడు, వణుకుతానయా?" అంటూ రెండు చేతులూ చాచాడు. వణకడం లేదు.

కిషన్ రావు నేతగాళ్ల సంఘంలో మాస్టరు. నూలు ఇచ్చేదీ, నేసిన బట్ట చూసి తీసుకునేదీ ఆయనే. మగ్గం కూడా సంఘానిదే. ఇంకొక్క పడుగుకు, అంటే మగ్గానికి ఒకసారి పొడుగునా ఎక్కించే దారాలకు, నూలిస్తానని, అదీ ఇట్లాగే వస్తే మగ్గం వేరేవాళ్లకు అప్పజెప్పి మొగిలయ్యకు కండెలు చుట్టే పని ఇస్తానని తేల్చి చెప్పాడు. కండెలు చుట్టడం ముసలివాళ్ల పని. మొగిలయ్య ముప్పై ఎనిమిదేళ్లుగా మగ్గం గుంటలో కూర్చున్న మనిషి.

"సంఘపోళ్లు కొత్త నాడె ఇచ్చిండ్రు. దాంట్లనే ఏదో ఐబున్నది సేటూ. నడుమ ఎగురుతాంది. గని ఎగిరేది ఎవ్వని కండ్లకు దొరుకుతలేదు. దొరికిస్తె మగ్గం నాకుంటది."

రామలింగం కెమెరా చక్రాన్ని మొదటిసారి అరవై నాలుగు మీదికి తిప్పాడు.

మొగిలయ్య మగ్గం ఉన్న గదికి ఒక తలుపు, అరచేతి వెడల్పు కిటికీ. ఆ ఇంటికి కరెంటు లేదు. నేతవాళ్లకు గది చల్లగా, తేమగా ఉండడమే కావాలి. దారం ఎండితే తెగుతుంది. ఆ చీకట్లోనే రామలింగం మగ్గం పక్కన నిలబడి రీలు మొత్తం తీశాడు. అరవై నాలుగు మీద రీలు నిమిషంలో అయిపోయింది. దాన్ని బొంబాయికి పంపి కడిగించి తెప్పించేసరికి పదహారు రోజులు పట్టింది.

స్టూడియో తలుపులు మూసి, మొగిలయ్య తెచ్చిన ఆ ముడుల దుప్పటినే తెరగా కట్టారు. మొగిలయ్య, అతని భార్య కట్టమ్మ, కిషన్ రావు కూర్చున్నారు. పక్కింట్లో ఉండి బడికి పోయే నాకూ బిందెల మధ్య కాస్త చోటిచ్చారు. ప్రొజెక్టరు గరగరలాడింది. తెర మీద నలుపు. దాదాపు మూడు నిమిషాల పాటు నలుపు.

చివరికి కట్టమ్మ నోరు విప్పింది. "సేటూ, గిది మా ఇల్లే. అమాస నాడు గిట్లనే ఉంటది."

"నాడె అయితె ఎగుర్తలేదు మొగిలయ్యా. బుద్ధిగనే ఉన్నది," అన్నాడు కిషన్ రావు.

రామలింగానికి తన తప్పు అప్పుడు తెలిసింది. సెకనుకు పదహారు బొమ్మలు తీస్తే ఒక్కో బొమ్మకు దక్కే వెలుగు వేరు. అరవై నాలుగు తీస్తే అందులో నాలుగో వంతే. అతని కన్ను నాలుగేళ్లుగా పదహారుకు, అదీ పెట్రోమాక్సులు వెలిగే పెళ్లిపందిళ్లకు అలవాటు పడింది.

అప్పటికి పడుగు సగం అయిపోయింది. మిగతా సగం మొగిలయ్య తాబేలు నడకన నేస్తూ కాలం గడిపాడు. అట్లా మెల్లగా నేస్తే దారాలు తెగడం లేదు. కానీ ఆ లెక్కన దుప్పటి ఏడాదికొకటి వస్తుంది. మెల్లగా నేసేవాడికి సంఘం మగ్గం ఇవ్వదు.

మార్చిలో రామలింగం ఇంకో రీలు సంపాదించి మళ్లీ కాశిబుగ్గకు వచ్చాడు.

"వదినే, ఎండను లోపటికి తేవాలె," అన్నాడు.

"ఎండ ఏమన్న సుట్టమా, బొట్టు పెట్టి పిలిస్తె వస్తందుకు?" అంది కట్టమ్మ.

"పిలుసుడు వద్దు. ఇంటి కప్పు తీద్దాం."

కట్టమ్మ అతని వైపు, పైకప్పు వైపు, మొగుడి వైపు వరుసగా చూసింది. "పొయేది మగ్గమే అనుకున్న. ఇల్లు గూడ పోతాందా?"

"పెంకులే గదనే, మల్ల పెడ్తరు తీ," అన్నాడు మొగిలయ్య.

వాడకట్టు మగవాళ్లు పద్నాలుగు మంది కప్పెక్కి పెంకులు దింపారు. దారం ఎండిపోకుండా ఆడవాళ్లు గోడల పొడుగునా తడి గోనెసంచులు కట్టి, మధ్యమధ్య నీళ్లు చల్లారు. ఆ మిట్టమధ్యాహ్నం గదిలో పడ్డ ఎండ ఎంతటిదంటే, పొయ్యి పక్కన పెట్టిన చారు దానంతటదే మరిగింది. కట్టమ్మ పొద్దుటి నుంచి కట్టె ముట్టించనే లేదు. రామలింగం కీ ఇచ్చాడు. మొగిలయ్య ఎప్పటి వేగంతో నేశాడు. కీ అయిపోయిన ప్రతిసారీ మళ్లీ ఇస్తూ రీలంతా తీశారు. సాయంత్రానికి పెంకులు మళ్లీ పేర్చారు. కప్పులో ఎక్కడా సందు లేదు, కింద మాత్రం పదకొండు పెంకులు మిగిలాయి. అవి ఎక్కడివో ఇప్పటికీ ఎవరూ చెప్పలేకపోయారు.

రెండో రీలు ఏప్రిల్ మొదటి వారంలో వచ్చింది. పడుగు ఇంకా నాలుగు బారలే మిగిలింది. మళ్లీ అదే దుప్పటి, అదే నలుగురు, బిందెల మధ్య నేను.

ఈసారి తెర మీద మొగిలయ్య చేతులు వచ్చాయి. తాడును పట్టుకుని తాపీగా కిందికి దిగాయి. నాడె చెరువులో దున్నపోతులా బద్ధకంగా ఈదుకుంటూ వచ్చింది.

"చూడుండ్రి సారూ, చేతులు!" అంది కట్టమ్మ. "గుళ్లె విగ్రహం చేతులన్న కదుల్తయేమో గని, గివి వణుకుతానయా?"

కిషన్ రావు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తెర మీద నాడె ముక్కు కింది దారాలకు తగిలింది. ఒక దారం సాగి, సన్నబడి, మెల్లగా తెగి రెండు వైపులా వెనక్కి పోయింది. అంత నింపాదిగా దారం తెగడం మేమెవరం అంతకుముందు చూడలేదు.

"తగిలింది నాడెనే," ఒప్పుకున్నాడు కిషన్ రావు. "నీ చేతుల్ల తప్పు లేదు మొగిలయ్యా. వేరే నాడె ఇస్త. మగ్గం నీదే, ఫికర్ చెయ్యకు."

కట్టమ్మ లేచి కొంగు దులుపుకుంది. మొగిలయ్య లేవలేదు.

"సేటూ, మల్లొక్కసారి ఎయ్యి."

రామలింగం రీలు వెనక్కి చుట్టి మళ్లీ వేశాడు. ఆ తర్వాత మూడోసారీ వేయించుకున్నాడు. ఈ రెండుసార్లూ మొగిలయ్య నాడెను చూడలేదు. దాని ముందున్న దారాలనే చూశాడు. నేసేటప్పుడు కాలితో చెక్క తొక్కితే సగం దారాలు పైకి, సగం కిందికి పోయి మధ్యలో దారి తెరుచుకుంటుంది. నాడె పరిగెత్తేది ఆ దారిలోనే.

"నాడెది గాదు సారూ," అన్నాడు చివరికి. "చూడుండ్రి. ఒకసారి దారి మంచిగ తెరుసుకుంటాంది. రెండోసారి సగమే తెరుసుకుంటాంది, అప్పటికే నాడె వచ్చి కొట్టుకుంటాంది. ఎడమకాలు బరాబరే. కుడికాలు ఎనుకవడుతాంది. నా మోకాలు వంగుతలేదు."

"రెండేండ్ల సంది చెప్తాన, దవాఖానకు పోదామని," అంది కట్టమ్మ. "నా మాట ఇంటివా? గిప్పుడు సినిమా తీసి చెప్తె ఇనవడ్డదా?"

కిషన్ రావు తెర వదిలి మొగిలయ్య వైపు తిరిగాడు. "నేను మగ్గం నీదే అన్నంక నువ్వెందుకు చెప్పినవయ్యా?" అన్నాడు.

"చెప్పకపోతె ఇంకో నాడె ఇస్తరు. దాంతోని గూడ తెగుతయి. అప్పుడేమంటరు?"

అందరూ కలిసి కాశిబుగ్గకు నడిచారు. మొగిలయ్య గుంటలోకి దిగి, కుడి చెక్కను పైకి కట్టే తాడును నాలుగు వేళ్ల మేర పొట్టి చేశాడు, కాలు కొంచెం ఆనించగానే దారి పూర్తిగా తెరుచుకునేలా. తొక్కి చూశాడు. ఇంకో వేలు పొట్టి చేశాడు. అప్పుడు తాడు గుంజడం మొదలుపెట్టాడు, ఎప్పటి వేగంతో.

కిషన్ రావు గడప మీద కూర్చుని చూశాడు. మూరెడు బట్టలో ఒకటే దారం తెగింది.

"ఒకటి తెగింది," అన్నాడు మొగిలయ్య, తల ఎత్తకుండా.

"ఒకటి నేను నేసినా తెగుతది," అన్నాడు కిషన్ రావు. పొద్దున వచ్చి కొత్త పడుగుకు నూలు తీసుకుపొమ్మని చెప్పి లేచాడు.

రామలింగం ఆ తర్వాత పెళ్లిళ్లన్నీ మళ్లీ పదహారు మీదే తీశాడు. వీడియో క్యాసెట్లు వచ్చేదాకా తీశాడు. అరవై నాలుగు మీద ఒక పెళ్లి తీద్దామని ఒకసారి అడిగి చూశాడు గానీ, అత్తగారి ముఖం అంత మెల్లగా చూడడానికి ఏ అల్లుడూ ఒప్పుకోలేదు.

మొగిలయ్య ఆ మగ్గం మీద ఇంకో తొమ్మిదేళ్లు నేశాడు. ఆ లోపల తాడును మరో రెండుసార్లు పొట్టి చేసుకున్నాడు.