తెనాలిలో గురువారాలు

నిన్న మీటింగు మధ్యలో ఎవరింట్లోనో కుక్కరు కూత వేసింది. కొత్తగా చేరిన కుర్రాడు కంగారుగా మైకు ఆపేసి, "సారీ అండి" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం విమల గారు గుర్తొచ్చారు. ఆవిడ మైకు ఎప్పుడూ ఆపేవారు కాదు. బాపట్లలోని ఆవిడ ఇంటి నుంచి తాలింపు చిటపటలు, వీధిలో కూరగాయల బండివాడి కేకలు మా మీటింగుల్లోకి వచ్చేస్తుండేవి. "ఇల్లన్నాక చప్పుళ్ళుంటాయమ్మా" అనేవారు.

ఆవిడ మా మేనేజరు. అందరం ఇళ్ళ నుంచి పనిచేయడం మొదలుపెట్టాక నేను హైదరాబాదు నుంచి రేపల్లెలోని మా ఇంటికి వచ్చేశాను. ఆ ఏడాదే మా అన్నయ్య గుండెపోటుతో పోయాడు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. "ఇంట్లో పనుంది" అని కొద్దిరోజులు సెలవు పెట్టి, మళ్ళీ తెర ముందు కూర్చున్నాను. పనిలో మునిగితే ఏడుపు రాదు. పక్క గదుల్లో అమ్మ, వదిన ఎవరికి వాళ్ళు కుమిలిపోతుంటే నేను తలుపేసుకుని, ఏ ప్రశ్న వచ్చినా అందరికన్నా ముందు జవాబిచ్చేదాన్ని. పైవాళ్ళు మెచ్చుకున్నారు. విమల గారు మాత్రం ఫోను చేశారు.

"నువ్వింతలా పనిచేస్తుంటే నాకు భయమేస్తోంది. ఏమైందమ్మా?"

"ఏం లేదండి. బాగానే ఉన్నాను."

"సరే" అని పెట్టేశారు. ఆ శనివారం బస్సెక్కి మా ఇంటికొచ్చారు. హాల్లో దండ వేసిన అన్నయ్య ఫొటో చూసి అలాగే నిలబడిపోయారు. నాకెందుకు చెప్పలేదని నిలదీస్తారనుకున్నాను. నా వైపు చూడనైనా చూడకుండా వెళ్ళి అమ్మ పక్కన చాప మీద కూర్చున్నారు. "అబ్బాయికి ఏమంటే ఇష్టమండి?" అన్నారు. అప్పటిదాకా వచ్చినవాళ్ళంతా అన్నయ్య ఎలా పోయాడనే అడిగారు. ఎలా బతికాడని ఎవరూ అడగలేదు. అమ్మ మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. "రొయ్యల కూర కాదత్తయ్యా, ఆయనకి చింతచిగురు పప్పు" అంటూ వదిన గదిలోంచి బయటికొచ్చింది. కాసేపటికి ముగ్గురం ఏడుస్తూ నవ్వుతున్నాం.

బస్సెక్కబోతూ ఆవిడ, "గురువారం తెనాలి రా. నేనూ వస్తాను. కలిసి పనిచేసుకుందాం" అన్నారు.

తెనాలికి ఇద్దరికీ రైలుంది. అక్కడ ఆవిడ చర్చి స్నేహితురాలి ట్యూషన్ గది పగలంతా ఖాళీ. చిన్నపిల్లల బల్లలు కావడంతో మా మోకాళ్ళు తగులుతుండేవి. ప్రతి గురువారం వెళ్ళేదాన్ని. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఒకరోజు టైపు చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి ఏడ్చేశాను. విమల గారు ఊరుకోమనలేదు. కుర్చీ నా పక్కకి జరుపుకుని, భుజం భుజానికి ఆనేలా కూర్చుని, తన పని తాను చేసుకుంటూ ఉండిపోయారు. అన్నయ్య పోయాక అంత తేలికగా ఊపిరి పీల్చుకోవడం అదే మొదలు.

కొన్నాళ్ళకు నాకే మొహమాటమేసింది. "నా కోసం వారం వారం ఇంత దూరం ఎందుకండీ మీకు శ్రమ?" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వారు. "నీ కోసమనుకుంటున్నావా, పిచ్చిదానా! మా ఆయన పోయాక ఇంట్లో నాతో మాట్లాడే గొంతులన్నీ లాప్‌టాప్‌లోవే. అది మూసేస్తే ఇంకేముంది? గురువారం వస్తుందంటే బుధవారమే చీర ఇస్త్రీ చేసుకుంటాను తెలుసా?"

ఆవిడ ఇస్త్రీ చీరను నేను అన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాను. ఆవిడ ఒంటరితనం మాత్రం నాకు కనపడలేదు. ఆ వారం నుంచి నేను కూడా మంచి చీర కట్టుకుని వెళ్ళేదాన్ని.

తర్వాత కంపెనీవాళ్ళు సగం రోజులు ఆఫీసు, సగం రోజులు ఇల్లు అన్నారు. విమల గారు ఉద్యోగం మానేసి బాపట్లలోనే పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. ఇప్పుడు నా కింద కూడా ఒక టీమ్ ఉంది. ఓదార్చడం నాకు ఇప్పటికీ చేతకాదు. కాకపోతే తెర మీద అందరూ బాగానే ఉంటారని తెలుసు. మా టీమ్‌లో తెనాలి దగ్గరి జంపని నుంచి పనిచేసే అమ్మాయి ఈమధ్య ఏమడిగినా "బాగానే ఉన్నానండి" అని చటుక్కున అనేస్తోంది. మొన్న రేపల్లెలో ఉన్నప్పుడు బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళాను.

"మేడమ్! మీరేంటి ఇలా?"

"ఎండన పడి వచ్చానమ్మా, కాసిని మంచినీళ్ళివ్వు."

గ్లాసు నా చేతికిస్తూనే ఆ పిల్ల ఏడ్చేసింది. గ్లాసు కింద పెట్టి, గుమ్మంలోనే తన పక్కన కూర్చున్నాను.