ఇష్తియాక్ కాళ్ళందిన సైకిలు

ఆటోనగర్‌లో ఏ బండీ కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టు రోడ్డెక్కదు. కొత్త లారీకి చక్రాల పైన బరువు మోసే కమాన్‌కట్టల్లో ఇంకో ఇనప పట్టా వేయించాలి. కొత్త ఆటోకి వెనకాల ఇనప కడ్డీ కొట్టించాలి. మన రోడ్ల సంగతి కంపెనీవాడికేం తెలుసు? ఈ మాట అక్కడ అందరూ అంటారు గానీ, అందరికంటే గట్టిగా అన్నవాడు అబ్దుల్ రవూఫ్ మేస్త్రి. లారీ బాడీలు కట్టడంలో జుట్టు నెరిసినవాడు. కళ్ళు మసకబారి ఇంట్లో కూర్చున్నాక కూడా, వీధిలో బండి చప్పుడైతే చాలు, "వెనక పట్టా లూజుగా ఉంది దానికి" అని గొణుక్కుంటాడు.

ఆయన కొడుకు ఇష్తియాక్. అదే ఆటోనగర్‌లో బస్సులకీ కార్లకీ సీటు కవర్లు కుడతాడు. నలభై దాటాయి. పొట్టివాడు.

అతను ఏడో తరగతిలో ఉన్నప్పుడు రవూఫ్ వన్ టౌన్ తీసుకెళ్ళి సైకిలు కొనిపెట్టాడు. ఆ ఇంట్లో చొక్కా కొన్నా రెండు సైజులు పెద్దదే, చెప్పులు కొన్నా మడమ వెనక వేలు దూరాల్సిందే. పెరిగే పిల్లాడు మరి! సైకిలు కూడా పెద్దవాళ్ళ ఫుల్ సైజే తీశాడు.

"మేస్త్రి గారూ, బాబుకి కాళ్ళందవేమోనండి," అన్నాడు షాపాయన.

"అందకపోతే పెరుగుతాడు. మా వంశంలో పొట్టోళ్ళు లేరు!"

ఇష్తియాక్ పెరగలేదు. సైకిలు మాత్రం చెక్కుచెదరలేదు. ఒక పెడలు కిందికి తొక్కాలంటే నడుం అటు వాలాలి, రెండోది తొక్కాలంటే ఇటు వాలాలి. ముప్పై ఏళ్ళు అలాగే ఊగుతూ తొక్కాడు.

"ఒరేయ్, సైకిలు ఖాళీగా వస్తోందేంట్రా!" అని అరిచేవాడు టీకొట్టు దగ్గర ఒకడు.

"ఖాళీ కాదెహె, పైన మన ఇష్తియాకే. సరిగ్గా చూడు."

అతనూ నవ్వేవాడు. నడుం నొప్పికి భార్య జరీనా రాత్రిళ్ళు ఆవనూనె రాస్తూ, "మామయ్యకి చెప్పరాదూ, సైకిలు పెద్దదైందని," అనేది. ఏమని చెప్తాడు? సైకిలు పెద్దదైందంటే తను చిన్నగా మిగిలాడని చెప్పుకున్నట్టే కదా. తప్పు తన కాళ్ళదే అనుకున్నాడు. ఇన్నేళ్ళూ నిజంగా అలాగే అనుకున్నాడు.

పోయినేడు సిద్ధార్థ అని ఓ బ్యాంకు ఉద్యోగి కారు సీట్ల కోసం వచ్చాడు. ఆదివారాలు సైకిలు మీద ఊళ్ళు తిరిగే రకం. సైకిలు క్యారియర్‌కి రెండు పక్కలా వేలాడేట్టు రెక్సిన్ సంచులు కుట్టమని, కొలతల కోసం మర్నాడు సైకిలు కూడా తెచ్చాడు. ఇద్దరిదీ ఒకటే ఎత్తు.

"ఒకసారి ఎక్కి చూడండి భాయ్, సంచి మడమకి తగులుతుందో లేదో తెలుస్తుంది."

ఇష్తియాక్ ఎక్కాడు. సీటు మీద కదలకుండా కూర్చున్నాడు. పెడలు కింద దాకా వెళ్ళింది, పాదం కూడా దానితోపాటే వెళ్ళింది. నడుం ఎటూ వాలలేదు. బెంజ్ సర్కిల్ వైపు కొంత దూరం వెళ్ళి తిరిగొచ్చాడు. దిగి, వంగి తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

"ఏంటి భాయ్, మడమకి తగిలిందా?"

"లేదండీ," అన్నాడు. "నా కాళ్ళు బాగానే ఉన్నాయండీ."

ఆ తర్వాత ఒకటే ధ్యాస. పొద్దున్నే బయల్దేరి, కాలువ గట్టు పట్టుకుని, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి, బందరు పక్కనున్న మంగినపూడి దాకా తొక్కి సముద్రం చూడాలి. ఒక రాత్రి అక్కడే ఉండి తిరిగి రావాలి. ఊగకుండా తొక్కాలి, అంతే. సిద్ధార్థే వెతికిపెట్టాడు సైకిలు: సన్నటి గొట్టాలు, కాస్త వెడల్పు టైర్లు, తేలికపాటి క్యారియర్. సీటు ఎత్తు ఇష్తియాక్ కాలు కొలిచి బిగించారు. పాతది పాత ఇనప సామాన్లవాడికి వెళ్ళిపోయింది.

రవూఫ్ కొత్త సైకిలు చుట్టూ తిరిగి, గొట్టాలు తడిమి, వేలితో కొట్టి చూశాడు. "ఇదేం బండిరా బేటా? తమలపాకు కాడలా ఉంది. బందరు దాకా పోయేదా ఇది?"

"పోతుంది అబ్బాజాన్."

ఆదివారం ప్రయాణం. శనివారం ఇష్తియాక్ కొట్టు నుంచి వచ్చేసరికి సైకిలు కనపడలేదు. జరీనా మొహం పక్కకి తిప్పుకుంది. "మామయ్య పట్టుకెళ్ళారండీ. నేను ఆపబోయాను. ఆయన అంత హుషారుగా నడవడం చూసి ఎన్నేళ్ళయిందో... నోరు రాలేదు."

చీకటి పడుతుండగా రవూఫ్ సైకిలు తోసుకుంటూ వచ్చాడు. పాత శిష్యుడి షెడ్డులో, తనే స్వయంగా, మసక కళ్ళతో వెల్డింగ్ చేశాడు. క్యారియర్ బదులు ఇనప యాంగిళ్ళు. మధ్యలో అడ్డంగా ఇంకో గొట్టం. సీటు కింద పైపు జానెడు పొడుగు పెంచాడు. అది వదులవుతుందని, పైకీ కిందకీ జరిపే చోట చుట్టూ వెల్డింగ్ పెట్టేశాడు. వేళ్ళ మీద నిప్పురవ్వల మచ్చలు.

"కంపెనీవాడు నిన్ను చంటిపిల్లాణ్ణి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాడురా. ఇప్పుడు ఎక్కు. మగాడిలా ఉంటావ్."

ఇష్తియాక్ సిద్ధార్థకి ఫోన్ చేశాడు. "కోయించెయ్యండి భాయ్, అరగంట పని," అన్నాడతను.

ఇష్తియాక్ తండ్రి వైపు చూశాడు. గుమ్మంలో కూర్చుని వేళ్ళకి వెన్న రాయించుకుంటూ, జరీనాకి అతుకు ఎలా పెట్టాడో చెప్తున్నాడు. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ పనిముట్టు పట్టాడాయన.

"చూద్దాంలెండి," అని ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం తెల్లవారుజామునే వీధి చివర దాకా రవూఫ్ సాగనంపాడు. ఇష్తియాక్ ఎక్కాడు. పెడలు కిందికి వెళ్ళింది, పాదం వెళ్ళలేదు. నడుం అటు వాలింది, ఇటు వాలింది. వెనక నుంచి తండ్రి నవ్వు వినపడింది, "హా! ఇదీ బండంటే!"

తోడు వస్తానన్న సిద్ధార్థ బెంజ్ సర్కిల్ దగ్గర కలిశాడు. అతనితో కలిసి ఇష్తియాక్ కంకిపాడు దాకా ఊగాడు. అక్కడ నడుం పట్టేసింది. "మీరు వెళ్ళండి," అని అతన్ని పంపేసి, కాలువ గట్టున టీకొట్టు బల్ల మీద పడుకున్నాడు. కాలువ నీళ్ళు సముద్రం వైపే పోతున్నాయి. తిట్టుకున్నాడు: తండ్రిని కాదు, ఏడో తరగతిలో నోరు మూసుకున్న పిల్లాణ్ణి, నిన్న మూసుకున్న పెద్దాణ్ణి.

రాత్రి అక్కడే ఎవరి వరండాలోనో గడిపి, సోమవారం మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు.

"క్యారియర్ ఊగిందా?" రవూఫ్ మొదటి మాట అదే.

"లేదు అబ్బాజాన్."

"సముద్రం దాకా వెళ్ళొచ్చింది! నా అతుకు ఊగలేదు!" అంటూ ముసలాయన పక్కింటివాళ్ళకి చెప్పడానికి బయల్దేరాడు.

జరీనా రెక్సిన్ సంచి విప్పింది. సముద్రం దగ్గర స్నానానికని పెట్టిన తువ్వాలు మడత మడతలాగే ఉంది. ఎక్కడా ఇసుక లేదు.

"సముద్రం ఎలా ఉందండీ?" అంది నెమ్మదిగా.

"దూరంగా ఉంది."

ఆమె లేచి ఆవనూనె సీసా తెచ్చింది. అతను బోర్లా పడుకున్నాడు. బయట నుంచి రవూఫ్ గొంతు ఉత్సాహంగా వినపడుతోంది.

"బేటా! వచ్చే వారం హ్యాండిల్ కూడా లేపుతానురా! అదొక్కటే తక్కువైంది!"