గ్యాస్ కొట్టని మేస్త్రి

కార్ల ఏసీలు బాగుచేసే ఆయన్ని అందరూ కళ్ళజోడు మేస్త్రి అంటారు. చూపు తక్కువై కాదు. షెడ్డు గుమ్మం పక్కన మేకుకి రెండు పెద్ద కళ్ళజోళ్ళు వేలాడుతుంటాయి, పక్కలు కూడా మూసి ఉండేవి. ఒకటి ఆయనకి, రెండోది వచ్చినవాళ్ళకి. బానెట్ ఎత్తాక అది పెట్టుకోనిదే ఎంతటివాడైనా గడప దాటడానికి వీల్లేదు.

"నిద్రలోనైనా తీస్తున్నారు, అదే పదివేలు" అంటూ భార్య అన్నం క్యారియర్ గుమ్మంలోంచే అందించి వెళ్ళిపోయేది. ఆ జోడు పెట్టుకుంటే గుడ్లగూబలా కనిపిస్తానని ఆమె బెంగ.

మేస్త్రికి గిట్టని మాట ఒకటుంది. వచ్చిన ప్రతివాడూ "చల్లదనం తగ్గింది, కాస్త గ్యాస్ కొట్టు" అంటాడు. "కొట్టడానికి ఇదేమన్నా సైకిల్ ట్యూబా? పాత గ్యాస్ యంత్రంలోకి లాగాలి, ఎక్కడ కారుతోందో పట్టుకోవాలి, అప్పుడు తూకం ప్రకారం నింపాలి" అని మొదలెడతాడు. మొదలెట్టాడా, ఇక వినేవాడి పని అయిపోయినట్టే.

ఆ మధ్యాహ్నం బావమరిది కారు తెచ్చాడు. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. కూర్చున్నా కాళ్ళు ఆడిస్తూనే ఉండే రకం.

"పది నిమిషాల్లో గ్యాస్ కొట్టేయ్ బావా."

"ముందు జోడు పెట్టుకో."

"గ్యాస్ కొట్టమంటే నాకే గ్యాస్ కొడతావేంటి! గాలికి కూడా కళ్ళజోడా?" అని గొణుగుతూనే పెట్టుకున్నాడు.

మేస్త్రి గ్యాస్ లాగే యంత్రం తగిలించాడు. "మీటర్లో ముల్లు సున్నాకి వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకు" అని చెప్పి, వాషర్ల కోసం అలమర వైపు తిరిగాడు. బావమరిదికి సున్నాదాకా ఆగే ఓపిక ఎక్కడిది? పని తొందరగా తెములుతుందని స్పానర్ అందుకుని గొట్టం బిగింపు తిప్పేశాడు. బుస్సుమని గడ్డకట్టేంత చల్లటి గ్యాస్ ముఖం మీదికి చిమ్మింది.

మేస్త్రి ఒక్క అంగలో వచ్చి అతన్ని వెనక్కి లాగాడు. కళ్ళజోడు అద్దం మీద, సరిగ్గా కుడికంటికి ఎదురుగా, తెల్లగా మంచు పేరుకుంది. చెంప మీద గుండీ అంత మేర పాలిపోయింది.

"రుద్దకు!"

మేస్త్రి చెంప మీద గోరువెచ్చని నీళ్ళు పోశాడు. ఆ కన్ను పోయి ఉంటే ఇంటికెళ్ళి భార్యకి ముఖం ఎలా చూపించేవాడు? డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, కంటికేం కాలేదని ఆయన చెప్పాక అడిగాడు.

"ఇంతకీ గ్యాస్ కొట్టింది నేనా, నువ్వా?"

బావమరిది కాళ్ళు ఆడించడం మానేసి బుద్ధిగా తల దించుకున్నాడు.

మర్నాడు భార్య క్యారియర్ తెచ్చింది. ఎప్పటిలాగే గుమ్మంలో ఆగింది గానీ క్యారియర్ అందించలేదు. ఖాళీ చెయ్యి చాపింది.

"ముందు ఆ కళ్ళజోడు ఇటివ్వండి. లోపలికి రావాలి."