బాబాయి ఒప్పుకోని కార్డులు

ఆమె బాబాయికి ఉన్న పిచ్చి ఒక్కటే, కంప్యూటర్ తెరకు బొమ్మనందించే గ్రాఫిక్స్ కార్డులు పోల్చడం. కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకుని, ఒక కార్డు అడిగినవాడి ముందు మూడు పరిచి, మూడింటికీ తనే వంకలు పెట్టి, ఉత్తచేతులతో సాగనంపగల సమర్థుడు. విరిగిన చేతికి ఎక్స్‌రే తీస్తే, ఎముక సంగతి వదిలేసి, ఆ తెర వెనక ఏ కార్డుందని డాక్టర్ని నిలదీశాడని పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి మనిషికి ఆమె కంప్యూటర్ చిక్కింది. ఆమె ఇంట్లో కూర్చుని పాఠ్యపుస్తకాలకు మ్యాపులు గీస్తుంది. నదులు వెంట్రుకంత, ఊళ్ళ పేర్లు చీమ తలకాయంత. పెద్ద 4కె తెర కొన్నాక సుఖపడతాననుకుంటే, మధ్యాహ్నానికల్లా కళ్ళు మండి గీతలు వణికేవి. చూపు పోతోందని ఆమె గుండెల్లో రాయి పడింది. చూపు పోతే పనీ పోతుంది. డాక్టరు ఏమంటాడోనన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. బాబాయితో మాత్రం, తెర మీద బాణం గుర్తు ఈడ్చుకుంటూ కదులుతోందని మాటవరసకు అంది.

అంతే, రోజుకో కార్డు సంచిలో వేసుకుని దిగబడ్డాడు. ఉన్నది పీకి కొత్తది బిగించడం, పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం, సాయంత్రం పెదవి విరిచి ఊడదీయడం. ఒకదానికి వేగం చాలదన్నాడు. వేగమున్నదాన్నీ వద్దన్నాడు. మ్యాపులివ్వాల్సిన గడువు ముంచుకొస్తుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పైగా ఈయన తెర వంక చూడనే చూడడు.

"కార్డులు పోలుస్తానని వచ్చి నా మొహం చూస్తూ కూర్చుంటావేంటి బాబాయ్?"

"తెర మీద ఎన్ని చుక్కలొస్తాయో డబ్బా మీదే రాసుంటుందమ్మా. నువ్వు కళ్ళు నులుముకుంటావో లేదో ఎవడూ రాయడు. బాణం గుర్తు సంగతి చెప్పిన రోజే చూశాను, మాటమాటకీ నులిమావు. పాత కార్డు ఇంత పెద్ద తెరని సగం వేగంతోనే నడిపేది. నిన్నటిది వేగంగా నడిపినా చిన్న అక్షరాలు అలికేసింది. అందుకే నిన్నా నులిమావు."

"మరి ఇవాళ?"

"పొద్దుట్నుంచి ఒక్కసారి కూడా లేదు."

ఆమె కిటికీ వంక చూసింది. పొద్దు వాలిపోతోంది. మళ్ళీ తెర వంక చూస్తే ఊళ్ళ పేర్లన్నీ చక్కగా కనబడుతున్నాయి.

"అయితే నా కళ్ళకేం కాలేదా?"

"కళ్ళదే జబ్బయితే కార్డు మారిస్తే తగ్గుతుందా, పిచ్చిపిల్లా?"

ఇన్నాళ్ళూ గుండెల మీదున్న కుంపటి దిగిపోయింది. హాయిగా నవ్వబోయింది గానీ కళ్ళు నిండాయి. గబుక్కున తుడుచుకుంది.

బాబాయి మొహం వాడిపోయింది. ఇదీ పనికిరాదన్నమాట అని గొణుక్కుంటూ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. కంప్యూటర్‌కు అడ్డంపడి, ఆ నీళ్ళు కార్డు వల్ల వచ్చినవి కావని ఆయన్ని నమ్మించేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.