అయిదో, సున్నానో

మా తరగతిలో లెక్కలు అందరికంటే బాగా వచ్చినవాడు లెక్కల్లోనే ఫెయిలయ్యాడు. అరవైల తొలి ఏళ్ల మాట. నిజామాబాద్‌లో పీయూసీ చదువుతున్నాం. మార్చి పరీక్షల ఫలితాల్లో నా నంబరు లేకపోవడం ఎవరికీ వింత కాలేదు, నాతో సహా. అతని నంబరు లేకపోవడం చూసి మా లెక్కల లెక్చరర్ పేపరు రెండుసార్లు తిప్పి చూశాడు. అచ్చుతప్పు కావచ్చన్నాడు. అచ్చుతప్పు కాదు. మార్కుల మెమోలో లెక్కల ఎదురుగా ఎర్ర గీత ఉంది.

అతనిదీ నాదీ బోధన్ ఊరే. రెండు వీధులు దాటితే వాళ్ల ఇల్లు. తండ్రి షుగర్ ఫ్యాక్టరీలో పాకం కాచే కడాయిల దగ్గర చాలా ఏళ్లు పనిచేశాడు. చూపు మందగించి మానేశాడు. కొడుకు లెక్కలతో పీయూసీ పాసైతే చెరుకు రసం పరీక్షించే ల్యాబులో అప్రెంటిస్‌గా తీసుకుంటామని ఫ్యాక్టరీలో ఒక పెద్ద ఆఫీసరు మాటిచ్చాడు. ఆ మాట చెరుకు సీజన్ మొదలయ్యేదాకానే. తర్వాత ఆ జాగా ఇంకొకరికి పోతుంది. సప్లిమెంటరీ పరీక్ష సెప్టెంబరులో. దాని ఫలితం సీజన్‌కు కొద్ది రోజుల ముందు వస్తుంది. అంటే అతనికి మిగిలింది ఒక్క పరీక్ష.

ఇద్దరం కలిసే ఫీజు కట్టాం. అతను నాకు లెక్కలు చెప్పాలి. నేను అతనికి ప్రశ్నల్లోని ఇంగ్లీషు చెప్పాలి. అతను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. త్రిభుజం అంటే ముసల్లస్, కోణం అంటే జావియా. లెక్క తెలుసు కానీ అడిగింది ఏమిటో తెలియక ఆగిపోయేవాడు. ఒకసారి ‘రెస్పెక్టివ్లీ’ అన్న మాట మీద వేలు పెట్టి, "రెస్పెక్టివ్లీ అంటే ఇజ్జత్‌తోటి అనా? లెక్కలకు ఇజ్జతేంది ర?" అని అడిగాడు. ఎవరిది వాళ్లకు, వరుసలో, అని చెప్పాను. "గంతేనా. అయితే గట్లనే రాయొచ్చు గద," అని విసుక్కున్నాడు.

అసలు సంగతి బయటపడింది మే నెలలో. అతని నోటుపుస్తకం తెచ్చుకుని లెక్కలు నా పుస్తకంలోకి ఎక్కించుకుంటున్నాను. ఒక లెక్కకు జవాబు పది అని రాసుకున్నాను. సరిచూస్తే కుదరలేదు. మర్నాడు అడిగితే నవ్వాడు.

"పదెట్లయితది? పదిహేను."

"నువ్వే సున్న రాసినవు, సూడు."

"సున్న గాదు ర. అయిదు. మా అయిదు."

ఉర్దూ అంకెల్లో అయిదును నిదానంగా రాస్తే తలకిందులు చేసిన తమలపాకులా ఉంటుంది. తొందరగా రాస్తే గుండ్రంగా చుట్టుకుపోతుంది. వాళ్లకు సున్నా అంటే చుక్క కాబట్టి ఆ గుండ్రాన్ని చూసి ఎవరూ తికమకపడరు. అతను మిగిలిన అంకెలన్నీ ఇంగ్లీషువే రాసేవాడు. ఈ ఒక్క అయిదు మాత్రం, చెయ్యి వేగం అందుకోగానే పాత అలవాటుకు పోయేది. మా లెక్చరర్ కూడా ఉర్దూ బడిలో చదివినవాడే. ఏడాది పొడుగునా ఆ గుండ్రాలను అయిదులుగానే చదువుకుంటూ పోయాడు. ఆయనకూ తేడా తెలియలేదు.

"నువ్వు లెక్కల్ల ఫెయిల్ గాలేదు, అయిదుల్ల ఫెయిలయినవ్," అన్నాను.

అతను నవ్వలేదు. నోటుపుస్తకం లాక్కుని పేజీలు తిప్పుతూ పోయాడు. ఫెయిలవడానికి అదే కారణమని నా దగ్గర రుజువు లేదు, అప్పుడూ ఇప్పుడూ. కానీ ఇద్దరికీ వేరే కారణం తోచలేదు.

కాలేజీ తెరిచాక సప్లిమెంటరీ వాళ్లకు ఉదయం క్లాసులు పెట్టారు. రోజూ బోధన్ నుంచి ప్యాసింజర్ బండిలో పోయేవాళ్లం. గంటకు పైనే ప్రయాణం. అతను చెల్లెలి పలక, బలపం తెచ్చేవాడు. నేను లెక్క చదువుతాను, అతను పలక మీద చేస్తాడు. గుండ్రటి అయిదు పడిందంటే, లెక్క ఎంత దూరం వచ్చినా సరే, నేను చేతి రుమాలుతో పలకంతా తుడిచేస్తాను. మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి.

ఎడపల్లిలో ఎక్కే కూరగాయల అవ్వ ఒకామె రోజూ మా ఎదురుగా కూర్చునేది.

"మీసాలొచ్చినంక పలక పట్టిన్రేంది బిడ్డ?"

"ఒకటో తరగతి మల్ల మొదలువెట్టినమవ్వ," అన్నాడు మా వాడు.

"మరి గీ పిలగాడు మాటిమాటికి తుడుస్తడేంది? సక్కగనే రాస్తున్నవ్ గద."

"గదే నేను గూడ అడుగుతున్న. జర నువ్వన్న చెప్పవ్వ."

మొదట్లో ఇలా నవ్వులాటగానే ఉండేది. ఆగస్టు వచ్చేసరికి నవ్వు పోయింది. ఒకరోజు పొడుగాటి లెక్క చివరి వరుసలో గుండ్రం పడింది. తుడిచేశాను. అతను పలక నా ఒడిలోకి విసిరాడు. "లెక్క కరెక్టే గద ర. కండ్లు కనవడ్తలేవా?"

"నాకు కనవడ్తది. దిద్దేటోడు ఎవడో, ఏడ ఉంటడో. వానికి సున్న కనవడ్తది."

జానకంపేటలో బండి ఆగి కదిలింది. తర్వాత అతనే పలక తీసుకుని, ఏ లెక్కా లేకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు ఇంగ్లీషు అయిదులు రాసుకుంటూ పోయాడు.

పరీక్ష నాటికి నిదానంగా రాసినంతసేపూ తప్పు రావడం లేదు. తొందరపడితే మాత్రం వస్తోంది. అది ఇద్దరికీ తెలుసు.

ఫీజు కలిసి కట్టినందువల్ల మా నంబర్లు పక్కపక్కన పడ్డాయి. హాలులో నా ముందు బెంచీ అతనిది. అతని పేపరు నాకు కనిపించదు, వీపూ కుడి భుజమూ కనిపిస్తాయి. మొదటి రెండు గంటలు ఆ భుజం మెల్లగా కదిలింది. నేను నాకు వచ్చినవి రాసి, రాని వాటి దగ్గర కూర్చున్నాను. ఇంకో అరగంటే ఉందని గంట కొట్టారు. అతను అదనపు షీటు అడిగి తీసుకున్నాడు. అక్కడి నుంచి భుజం వేగం అందుకుంది. ఆ వేగం నాకు బాగా తెలుసు. రైల్లో నేను రుమాలు అందుకునే వేగం అది.

ఏం చెయ్యాలో తోచలేదు. దగ్గాను. అతను ఆగలేదు. మళ్లీ, కొంచెం గట్టిగా దగ్గాను.

అయిదులు చూసుకొమ్మని నా ఉద్దేశం. కానీ దగ్గు గురించి మేమెప్పుడూ అనుకోలేదు. పరీక్ష హాల్లో దగ్గుకు అందరికీ తెలిసిన అర్థం ఒకటే ఉంది, చూపించమని. ఆ రోజుదాకా ఎవరికీ ఒక్క జవాబు చూపించని మనిషి, రాసిన షీటును మెల్లగా బెంచీ అంచుకు, నా వైపుకు జరిపాడు.

ఇన్విజిలేటర్ వేరే బడి నుంచి వచ్చిన పెద్దాయన. నల్ల కోటు. చప్పుడు లేకుండా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నన్ను లేపి జేబులు చూశాడు, చొక్కా చేతులు మడిచి చూశాడు. ఏమీ దొరకలేదు. మా వాడి షీటు తీసి కాసేపు చూసి, మళ్లీ బెంచీ మధ్యలో పెట్టాడు. కోటు జేబులోంచి చీటీ తీసి ఇద్దరి నంబర్లు రాసుకున్నాడు. నన్ను తీసుకుపోయి తలుపు పక్కన గోడకు ఎదురుగా కూర్చోబెట్టాడు. మిగిలిన సమయంలో నేను ఒక్క అక్షరం రాయలేదు.

తిరుగు బండిలో అతను అడిగాడు. "ఏ లెక్క రాలే నీకు? నాలుగోదేనా? షీట్ జరిపిన గద, కనవడలేదా?"

"నేను లెక్క కోసం దగ్గలే. నీ అయిదుల కోసం దగ్గిన."

అతను నా వైపు తిరిగాడు. "అరె," అన్నాడు. తర్వాత ప్రశ్నపత్రం విప్పి ఒడిలో పరిచాడు. ఆ చివరి అరగంటలో చేసిన లెక్కల్లో ఎక్కడెక్కడ అయిదు వస్తుందో ఇద్దరం వెతికాం. మూడు జవాబుల్లో వస్తుంది. ఎట్లా రాశావని అడిగాను. "చెయ్యి రాసింది ర. నేను సూడలే," అన్నాడు.

ఇప్పుడు రెండు భయాలు. అయిదులు సరిగా ఉన్నాయో లేదో ఒకటి. ఉన్నా, ఆ చీటీ మీది నంబర్లు పైకి పోతే పేపరు దిద్దనే దిద్దరు. ఆ రెండోది నేను తెచ్చిపెట్టింది.

మర్నాడు అతనికి చెప్పకుండా నిజామాబాద్ వెళ్లి, ప్యూనును అడిగి ఆ పెద్దాయన ఇల్లు కనుక్కున్నాను. మధ్యాహ్నం. వాకిట్లో నవారు మంచం బిగించుకుంటున్నాడు.

"ఎవలు నువ్వు?"

"నిన్న దగ్గిన పిలగాన్ని సార్."

ఆయన తల ఎత్తి చూశాడు. "ఆ కొస పట్టు," అన్నాడు. పట్టుకున్నాను. ఆయన గుంజుతుంటే, నేను పట్టుకుని, ఉర్దూ మీడియం నుంచి పలక దాకా, ఫ్యాక్టరీ జాగా దాకా అంతా చెప్పాను.

"అంకె కోసం దగ్గినవా?"

"అవును సార్."

"చిట్టీ కోసం దగ్గినోల్లను సూసిన. బయటికి పోవాల్నని దగ్గినోల్లను సూసిన. అంకె కోసం దగ్గినోన్ని సూడలే. నమ్మమంటవా?"

"నమ్మకుంటే నా నంబరొక్కటే పంపుండ్రి సార్. వాడేం జెయ్యలే."

"పేపర్ జరిపింది నువ్వా, వాడా?"

దగ్గితే శిక్ష లేదు, జరిపితే ఉంది. నేను అతన్ని కాపాడడానికి వచ్చి, తప్పు అతనిదేనని ఒప్పుకున్నట్టయింది.

"వదిలిపెట్టకు, గట్టిగ గుంజు," అన్నాడాయన. నవారు మంచం ఆ చివర నుంచి ఈ చివరకు బిగిసింది. ముడి వేసి, చేత్తో కొట్టి చూసి, అప్పుడన్నాడు. "రిపోర్టు రాయాల్నంటే నిన్ననే రాసి కవర్ల పెట్టాలె. ఇయ్యాల రాస్తే నన్నడుగుతరు, నిన్న ఏం జేసినవని."

"మరి నంబర్లు రాసుకున్నరు గద సార్."

"రాసుకోకుంటే సక్కగ కూసుంటరా మీరు?"

వాకిలి దాటబోతూ ఆగి, షీటు చూశారు కదా, అయిదులు ఎట్లా ఉన్నాయని అడిగాను.

"గది నన్నడగద్దు," అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

సంగతి చెప్తే మా వాడికి ముందు కోపం వచ్చింది. "మా ఇంటి సంగతి ఊర్లందరికి చెప్పినవా?" అన్నాడు. కొంతసేపయ్యాక, "ఏమన్న అన్నడా, అయిదుల గురించి?" అని మెల్లగా అడిగాడు. లేదన్నాను. ఆ తర్వాత ఫలితాల దాకా మేము లెక్కల ఊసెత్తలేదు. వాళ్ల నాన్న మాత్రం నేను కనిపించినప్పుడల్లా, "వచ్చిందా బేటా?" అని అడిగేవాడు. ఫ్యాక్టరీలో యంత్రాలకు నూనెలు పెడుతున్నారని, సీజన్‌కు ఇంకెన్నో రోజులు లేవని ఆయనకు ఇంట్లో కూర్చునే తెలిసేది. చప్పుళ్లను బట్టి చెప్పేవాడు.

ఫలితాలు ఉన్న పేపరు ఉదయం బండిలో బోధన్ వచ్చింది. స్టేషన్‌లోనే కొన్నాం. నంబర్లు చీమల బారులా సన్నగా, పేజీ నిండా. అతను కళ్లు మూసుకున్నాడు. నేను వేలు పెట్టి వెతికాను. అతని నంబరు ఉంది. దాని తర్వాత ఉండవలసిన నా నంబరు లేదు. అక్కడి నుంచి ఏకంగా ఏడెనిమిది నంబర్లు ఎగిరిపోయాయి.

"ఉంది," అన్నాను.

అతను కళ్లు తెరిచి తన నంబరు ఒక్కసారి చూసుకున్నాడు. తర్వాత పేపరు లాక్కుని నా నంబరు కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఆ పేజీ అయిపోయాక వెనక పేజీ కూడా చూశాడు. అక్కడ సినిమా ప్రకటనలు ఉన్నాయి.

"నా వల్లనే ర. గోడ దిక్కు కూసోబెట్టిన్రు నిన్ను."

"నాకు రాని లెక్కలు దగ్గక ముందు నుంచే రావు," అన్నాను. అది నిజమే. అతను నమ్మలేదు.

వాళ్లింటికి పోయాం. తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కొడుకు పాసయ్యానని చెప్పినా ఆయనకు చాల్లేదు. పేపరు మీద చూసింది చూసినట్టు ఇంకొకరి నోట వినాలి. నన్ను చదవమన్నాడు. చదివాను. మళ్లీ చదవమన్నాడు. ఒక్కో అంకె విడివిడిగా చెప్పమన్నాడు. ఆయన వేళ్ల మీద ఒక్కో అంకె పట్టుకుని, లోపలున్న భార్యకు ఉర్దూలో వినిపించాడు. ఆమె తలుపు వెనక నుంచి ఏదో అడిగింది. ఆయన నా వైపు తిరిగాడు.

"నీ నంబరేది బేటా? అది గూడ చదువు."

నేను పేపరు మడుస్తున్నాను. మా వాడు నా చేతిలోంచి అది తీసుకున్నాడు.

"వీనిది మార్చిల వస్తది అబ్బా," అన్నాడు తండ్రితో.